రాక్ కాన్సర్ట్స్ 2025: ఓజీ ఆఖరి పాట నుంచి అహ్మదాబాద్ కోల్డ్‌ప్లే దాకా.. ఫ్యాన్స్ మర్చిపోలేని ఐదు షోలు.. మరి ఈ లిస్టులో హైదరాబాద్ ఎక్కడ?

విడిపోయిన అన్నదమ్ములు ఒకే స్టేజీ ఎక్కారు. నడవలేని స్థితిలో ఉన్న ఓ లెజెండ్ సింహాసనం మీద కూర్చుని అభిమానులకు వీడ్కోలు చెప్పాడు. లక్ష మందికి పైగా జనంతో అహ్మదాబాద్ స్టేడియం వెలుగుల సముద్రమైంది. రాక్ మ్యూజిక్ పని అయిపోయిందని అన్నవాళ్లకు 2025 గట్టి సమాధానమే చెప్పింది. అయితే ఈ సంబరంలో తెలుగు ఫ్యాన్ వాటా ఎంత? టికెట్ ఎవరికి దొరికింది, ఎవరు ఫోన్ స్క్రీన్‌తో సరిపెట్టుకున్నారు? ఓసారి లెక్క చూద్దాం.

హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో రాక్ వినే కుర్రాళ్లు ఇప్పుడు కొత్త కాదు. ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టుల్లో ఎలక్ట్రిక్ గిటార్ మోగని ఏడాది ఉండదు. ఒకప్పుడు క్యాసెట్లు మార్చుకుని విన్న తరం ఉంది. ఇప్పుడు యూట్యూబ్‌లో లైవ్ వీడియోలు తిరగేసే తరం ఉంది. ఈ రెండు తరాల ఫ్యాన్స్ 2025ను తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేవి ఓ ఐదు షోలు. ఇందులో మూడు మన దేశంలో జరిగాయి, రెండు బ్రిటన్‌లో జరిగాయి. ర్యాంకుల విషయంలో గొడవ పడొచ్చు కానీ, ఈ ఐదూ పెద్దవే అన్న మాట కాదనేవాళ్లు తక్కువ.

5. గ్రీన్ డే, ముంబై: ఎన్నాళ్లకెన్నాళ్లకు..

మార్చి 8, 9 తేదీల్లో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో లొల్లపలూజా ఇండియా ఫెస్టివల్ జరిగింది. పాప్ స్టార్ షాన్ మెండిస్ ఓ పక్క, రాక్ ఫ్యాన్స్ ఎదురుచూసిన గ్రీన్ డే మరో పక్క. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మైక్ డర్ంట్, ట్రే కూల్.. ఈ ముగ్గురూ ఇండియాలో ఆడటం ఇదే మొదటిసారి.

1994లో 'డూకీ' ఆల్బమ్‌తో పంక్ రాక్‌ను ఇంటింటికీ తీసుకెళ్లిన బ్యాండ్ ఇది. 2004లో వచ్చిన 'అమెరికన్ ఇడియట్' ఇరాక్ యుద్ధం నాటి అమెరికా మీద ఎక్కుపెట్టిన ఆల్బమ్. అప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లకు ఇప్పుడు నలభై దాటుతున్నాయి. అంటే ముంబై మైదానంలో స్కూలు పిల్లలతో పాటు, వాళ్ల తల్లిదండ్రుల వయసు వాళ్లు కూడా ఒకే పాటకు ఎగిరారన్నమాట. మూడు దశాబ్దాలు ఆలస్యంగా వచ్చినా, వచ్చినందుకే ఈ షో లిస్టులో చేరింది.

ఫెస్టివల్ కావడంతో ఇక్కడో లాభం ఉంది. ఒకే టికెట్‌తో రెండు రోజుల పాటు పదుల సంఖ్యలో బ్యాండ్లు చూడొచ్చు. విదేశీ బ్యాండ్లతో పాటు హనుమాన్‌కైండ్ లాంటి మన కళాకారులూ అదే వేదిక మీద కనిపించారు. నష్టం కూడా ఉంది. సొంత టూర్‌లో ఆడినంత సేపు, అంత తీరుబడిగా ఏ బ్యాండూ ఫెస్టివల్‌లో ఆడదు.

4. గన్స్ అండ్ రోజెస్, ముంబై: ఈసారి స్లాష్ వచ్చాడు

అదే మహాలక్ష్మి రేస్‌కోర్సు.. మే 17. ఈ తేదీకి ఓ ప్రత్యేకత ఉంది. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మే 10న కాల్పుల విరమణ ప్రకటించారు. మధ్యలో ఐపీఎల్ కూడా ఆగింది. మళ్లీ ఐపీఎల్ మొదలైంది మే 17నే. ఆ రోజు బెంగళూరులో మ్యాచ్ వర్షంలో కొట్టుకుపోయింది కానీ ముంబైలో గిటార్లు మాత్రం మోగాయి. దేశం ఊపిరి పీల్చుకున్న వారంలో జరిగిన పెద్ద బహిరంగ కార్యక్రమాల్లో ఇదొకటి.

ఫ్యాన్స్ దృష్టిలో అసలు విషయం వేరే. గన్స్ అండ్ రోజెస్ 2012 డిసెంబర్‌లోనే ఇండియాకు వచ్చింది. బెంగళూరు, ముంబై, గుర్గావ్‌లలో ఆడింది. కానీ అప్పుడు 1987 నాటి 'ఎపటైట్ ఫర్ డిస్ట్రక్షన్' లైనప్‌లో ఒక్క యాక్సెల్ రోజ్ మాత్రమే ఉన్నాడు. గిటారిస్ట్ స్లాష్ లేడు, బాసిస్ట్ డఫ్ మెకేగన్ లేడు. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకు తప్ప ఇంకెవరూ కనపడనట్టు ఉందని అప్పట్లో ఫ్యాన్స్ వాపోయారు. 2016లో వాళ్లిద్దరూ తిరిగి చేరారు. ఆ ముగ్గురూ కలిసి ఇండియా స్టేజీ మీద నిలబడింది మాత్రం 2025లోనే.

అప్పటికి యాక్సెల్ వయసు 63. గొంతు 1990ల నాటిలా లేదన్నది అందరికీ తెలిసిందే. అయినా జనం ఎందుకు వెళ్లారు? టోపీ పెట్టుకుని, నోట్లో పాట లేకుండా గిటార్‌తోనే మాట్లాడే స్లాష్‌ను కళ్లారా చూడటానికి. రికార్డులో ఉన్న పర్ఫెక్షన్ కోసం ఎవరూ లైవ్‌కు వెళ్లరు. ఆ మనిషి ఎదురుగా ఉన్నాడన్న నమ్మకం కోసం వెళ్తారు.

3. ఒయాసిస్, కార్డిఫ్: 16 ఏళ్ల అలక తీరిన రాత్రి

2009 ఆగస్టులో పారిస్‌లో షోకు ముందు అన్నదమ్ములు నోయెల్, లియామ్ గాలగర్ గొడవ పడ్డారు. షో రద్దయింది. బ్యాండ్ విడిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంటర్వ్యూల్లో, సోషల్ మీడియాలో ఒకరినొకరు తిట్టుకోవడమే. మన ఊళ్లలో ఆస్తి తగాదాల్లో మాటలు ఆగిపోయిన అన్నదమ్ముల కథలకు ఇది ఏమాత్రం తీసిపోదు.

అలాంటిది 2025 జులై 4న వేల్స్ రాజధాని కార్డిఫ్‌లోని ప్రిన్సిపాలిటీ స్టేడియంలో ఇద్దరూ చేయి చేయి పట్టుకుని, పైకెత్తి స్టేజీ మీదికి వచ్చారు. ఆ క్షణం ఫోన్లలో ప్రపంచమంతా తిరిగింది. అక్కడ మొదలైన టూర్ బ్రిటన్, ఐర్లాండ్, అమెరికా, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా మీదుగా నవంబర్ 23న బ్రెజిల్‌లోని సావో పాలోలో ముగిసింది. ఆసియాలో సియోల్ పక్కనున్న గోయాంగ్, టోక్యో దాకా వచ్చారు కానీ ఇండియా రాలేదు. లండన్, మాంచెస్టర్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు దక్కిన ఛాన్స్ ఇక్కడి ఫ్యాన్‌కు దక్కలేదు.

అయితే ఈ టూర్‌కు ఓ చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2024 ఆగస్టు 31న టికెట్ల అమ్మకం మొదలైంది. ఆన్‌లైన్ క్యూలో గంటల కొద్దీ నిలబడి, తీరా తమ వంతు వచ్చేసరికి సుమారు 150 పౌండ్లు అనుకున్న స్టాండింగ్ టికెట్ 355 పౌండ్లు చూపించింది. గగ్గోలు పుట్టింది. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ రంగంలోకి దిగింది. తక్కువ ధర టికెట్లు అయిపోగానే అదే రకం టికెట్లు ఎక్కువ ధరకు అమ్ముతున్నామన్న విషయం కొనేవాళ్లకు ముందే సరిగా చెప్పలేదన్నది ప్రధాన అభ్యంతరం. ఇకపై ధరల శ్రేణి ముందుగానే చెబుతామని 2025 సెప్టెంబర్‌లో టికెట్‌మాస్టర్ హామీ ఇచ్చింది. నవంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. అసలు ధర కంటే ఎక్కువకు టికెట్లు తిరిగి అమ్మడాన్ని నిషేధిస్తూ చట్టం తెస్తామని ప్రకటించింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మన దగ్గరి కథకు ఇదే కీలకం.

2. కోల్డ్‌ప్లే, అహ్మదాబాద్: లక్ష చేతులకు లక్ష దీపాలు

కోల్డ్‌ప్లే రాక్ బ్యాండా, పాప్ బ్యాండా? ఈ వాదన ఎప్పటికీ తెగదు. పక్కా మెటల్ ఫ్యాన్‌ను అడిగితే ఈ పేరు లిస్టులోంచి తీసేయమంటాడు. కానీ 2025లో ఇండియాలో లైవ్ మ్యూజిక్ గురించి మాట్లాడుతూ ఈ షోను పక్కన పెట్టడం కుదరదు.

జనవరి 18, 19, 21 తేదీల్లో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో మూడు షోలు. జనవరి 25, 26న అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో రెండు షోలు. 1,32,000 సీట్ల ఈ స్టేడియం ప్రపంచంలోనే అతిపెద్ద క్రికెట్ మైదానం. రెండు రాత్రులూ లక్షకు పైగా జనం వచ్చారు. చేతికి కట్టిన ఎల్‌ఈడీ బ్యాండ్లు పాటకు తగ్గట్టు ఒకేసారి రంగులు మారుతుంటే స్టేడియం మొత్తం ఒకే స్క్రీన్‌లా కనిపించింది. షో అయ్యాక ఆ బ్యాండ్లను వెనక్కి తీసుకుని మళ్లీ వాడతారు. జనం గెంతితే కరెంటు పుట్టే నేల, తొక్కితే కరెంటు వచ్చే సైకిళ్లు కూడా ఈ టూర్‌లో భాగమే.

సింగర్ క్రిస్ మార్టిన్ క్రికెట్ పిచ్చిని బాగానే పట్టుకున్నాడు. ఇంగ్లండ్ వికెట్లు కూల్చే జస్‌ప్రీత్ బుమ్రా మీద సరదా పాట కట్టాడు. అహ్మదాబాద్ షోకు బుమ్రానే వచ్చి కూర్చున్నాడు. గణతంత్ర దినోత్సవం రోజున 'వందేమాతరం', ఏఆర్ రెహమాన్ 'మా తుఝే సలామ్' పాడి స్టేడియాన్ని ఊపేశాడు. ఆ షోను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ లైవ్ ఇచ్చింది. టికెట్ దొరకని లక్షల మంది ఫోన్లలో, టీవీల్లో చూశారు.

ఇంకో ముచ్చట ఏంటంటే.. ప్రతి షోలో ఓ పాట మధ్యలో ఆపి, ఫోన్లు జేబులో పెట్టేయండి, ఈ ఒక్క పాట కళ్లతో చూడండి అని క్రిస్ మార్టిన్ అడుగుతాడు. జనం వింటారు కూడా. ఆ మూడు నాలుగు నిమిషాలు స్క్రీన్లు లేని స్టేడియం ఎలా ఉంటుందో అక్కడున్నవాళ్లకే తెలుస్తుంది. ఎందుకంటే దానికి వీడియోలు పెద్దగా ఉండవు.

1. బ్యాక్ టు ది బిగినింగ్, బర్మింగ్‌హామ్: సింహాసనం మీద వీడ్కోలు

జులై 5. కార్డిఫ్‌లో ఒయాసిస్ రెండో రోజు ఆడుతుండగానే, బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో హెవీ మెటల్ పుట్టింటి పండగ జరిగింది. ఓజీ ఆస్బోర్న్, టోనీ ఐయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్.. బ్లాక్ సబాత్ అసలు నలుగురూ 20 ఏళ్ల తర్వాత ఒకే స్టేజీ మీదకు వచ్చారు. అదే ఆఖరిసారి అని ముందే ప్రకటించారు.

ఈ నలుగురూ అదే ఆస్టన్ ప్రాంతం గల్లీల్లో పెరిగారు. కార్మిక కుటుంబాల పిల్లలు. ఐయోమీ 17 ఏళ్ల వయసులో ఫ్యాక్టరీలో మెషిన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి సొంతంగా వేలి తొడుగులు చేసుకున్నాడు. తర్వాత రోజుల్లో నొప్పి తగ్గడానికి గిటార్ తీగలను వదులుగా కట్టుకున్నాడు. ఆ వదులు తీగల్లోంచి వచ్చిన బరువైన మోతే హెవీ మెటల్ శబ్దానికి పునాది అయింది. ఓజీ ఓ దశలో కబేళాలో పనిచేశాడు. అలాంటి ఊళ్లోనే, సొంత ఇంటికి కూతవేటు దూరంలో వీడ్కోలు షో.

మెటాలికా, గన్స్ అండ్ రోజెస్, స్లేయర్, టూల్, పాంటెరా, గోజిరా, లాంబ్ ఆఫ్ గాడ్.. గురువుకు దండం పెట్టడానికి శిష్యులంతా వచ్చినట్టు బ్యాండ్లన్నీ వరుస కట్టాయి. రేజ్ ఎగైన్‌స్ట్ ద మెషిన్ గిటారిస్ట్ టామ్ మొరెల్లో మ్యూజిక్ డైరెక్టర్‌గా వ్యవహరించాడు. పార్కిన్సన్ వ్యాధితో నడవలేకపోతున్న ఓజీ, నల్లటి సింహాసనం మీద కూర్చునే పాడాడు. సబాత్ ఆడింది నాలుగే నాలుగు పాటలు. లేచి నిలబడాలని ఆయన చేసిన ప్రయత్నం, కుర్చీని పట్టుకున్న చేతులు, కళ్లలో నీళ్లు.. చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

షో రాబడిని పార్కిన్సన్ పరిశోధన సంస్థకు, బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి, పిల్లల హాస్పైస్‌కు ఇస్తామన్నారు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చూసే ఏర్పాటు కూడా చేశారు. ఇక్కడి ఫ్యాన్స్ నిద్ర మానుకుని తెల్లవారుజాము దాకా చూశారు. సరిగ్గా 17 రోజులకు, జులై 22న ఓజీ కన్నుమూశాడు. వయసు 76. జులై 30న ఆయన అంతిమయాత్ర బర్మింగ్‌హామ్ వీధుల్లో సాగితే వేల మంది బ్లాక్ సబాత్ బ్రిడ్జి దగ్గర పూలతో నిలబడ్డారు. నంబర్ వన్ ఎందుకంటే.. ఇక ఇలాంటిది మళ్లీ జరగదు కాబట్టి.

లిస్టు సరే.. అసలు కథ టికెట్ దగ్గరే

ఈ ఐదింటిలో తెలుగు ఫ్యాన్ సొంత ఊరి నుంచి సిటీ బస్సెక్కి వెళ్లగలిగిన షో ఒక్కటీ లేదు. ముంబై వెళ్లాలంటే హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఓ రాత్రి ప్రయాణం, లేదంటే ఫ్లైట్. దానికి తోడు హోటల్, సెలవు. విశాఖ, తిరుపతి ఫ్యాన్స్‌కు దూరం ఇంకా ఎక్కువ. అంటే టికెట్ ధర మీద అంతకు సమానంగానో, అంతకంటే ఎక్కువగానో పైఖర్చు పడుతుంది.

ఆ టికెట్ అయినా దొరికిందా అంటే అదీ లేదు. 2024 సెప్టెంబర్ 22 మధ్యాహ్నం 12 గంటలకు కోల్డ్‌ప్లే ముంబై టికెట్లు పెట్టారు. ధర రూ.2,500 నుంచి రూ.35,000 వరకు. కోటీ 30 లక్షల మందికి పైగా ప్రయత్నించారని బుక్‌మైషో చెప్పింది. మూడు రాత్రులు కలిపినా రెండు లక్షల సీట్లు కూడా ఉండవు. సైట్, యాప్ కుప్పకూలాయి. అంతలోనే వేరే రీసేల్ సైట్లలో అవే టికెట్లు లక్షల రూపాయలకు ప్రత్యక్షమయ్యాయి.

గొడవ ముదిరింది. ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం బుక్‌మైషో అధికారులను పిలిపించింది. తమకూ రీసేల్ సైట్లకూ సంబంధం లేదని, ఆ సైట్ల మీద తామే ఫిర్యాదు చేశామని ఆ సంస్థ చెప్పింది. అక్టోబర్‌లో ఈడీ ఐదు నగరాల్లో సోదాలు చేసింది. కోల్డ్‌ప్లే, దిల్జీత్ దోసాంజ్ షోల పేరుతో జరిగిన బ్లాక్ టికెట్, నకిలీ టికెట్ దందా మీద ఆరా తీసింది.

చట్టం ఏమంటోంది?

ఇక్కడే అసలు చిక్కు. సినిమా టికెట్ బ్లాకులో అమ్మితే పట్టుకోవడానికి రాష్ట్రాల్లో పాత చట్టాలున్నాయి. కాన్సర్ట్ టికెట్లను ఆన్‌లైన్‌లో ఎక్కువ ధరకు తిరిగి అమ్మితే సూటిగా వర్తించే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 112లో అనధికారికంగా టికెట్లు అమ్మడం అన్న మాట ఉంది. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ అది ముఠాగా చేసే చిల్లర నేరాల సెక్షన్. ముఠా అని నిరూపించాలి. ఎక్కడో విదేశంలో రిజిస్టర్ అయిన వెబ్‌సైట్‌లో, పేరు తెలియని ఖాతా నుంచి అమ్మినవాడిని దీని కింద పట్టుకోవడం అంత తేలిక కాదు.

ఆన్‌లైన్ టికెట్ దందాకు అడ్డుకట్ట వేయాలంటూ బాంబే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది. చట్టం చేయడం ప్రభుత్వం, చట్టసభల పని అంటూ 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. అంటే బంతి ఢిల్లీ కోర్టులో పడింది. బ్రిటన్ అసలు ధరకు మించి అమ్మకూడదంటూ చట్టం దిశగా కదిలితే, మనం ఇంకా ఫిర్యాదుల దగ్గరే ఉన్నాం.

టికెట్‌ను కొన్నవాళ్ల పేరుకు, గుర్తింపు కార్డుకు ముడిపెట్టడం ఒక దారి. రైలు రిజర్వేషన్‌లో మనకు అలవాటైన పద్ధతే ఇది. కొన్నాక వెళ్లలేకపోతే అదే యాప్‌లో, అదే ధరకు తిరిగి ఇచ్చే వీలు కల్పించడం రెండోది. ఎన్ని టికెట్లు నిజంగా జనానికి అమ్మారు, ఎన్ని స్పాన్సర్లకు, కార్డు ఆఫర్లకు పక్కన పెట్టారు అన్నది బయటపెట్టడం మూడోది. ఈ మూడింటికీ కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, తప్పనిసరి చేసే రూల్ కావాలి.

ప్రభుత్వాలకు ఎందుకింత ఆసక్తి?

2025 జనవరి 28న భువనేశ్వర్‌లో పెట్టుబడుల సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ కోల్డ్‌ప్లే షోల ఫొటోలను ప్రస్తావిస్తూ, కాన్సర్ట్ ఎకానమీకి దేశంలో ఎంత అవకాశం ఉందో చూడండి అన్న అర్థంలో మాట్లాడారు. రాష్ట్రాలు దీని మీద దృష్టి పెట్టాలని కోరారు. అహ్మదాబాద్‌లో ఆ రెండు రోజుల షోల ఆర్థిక ప్రభావం రూ.641 కోట్లని, జీఎస్టీ రూపంలోనే రూ.72 కోట్లు వచ్చాయని ఈవై, బుక్‌మైషో నివేదిక లెక్కగట్టింది. టికెట్లు అమ్మిన సంస్థే ఈ నివేదికలో భాగస్వామి అన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు. ఏమైనా హోటళ్లు నిండాయి, ముంబై నుంచి ప్రత్యేక రైళ్లు వేశారు, అహ్మదాబాద్ మెట్రో రాత్రి వేళలు పొడిగించారు. ఇది కళ్లముందు జరిగిందే.

మేఘాలయ ఇంకో ఉదాహరణ. పెద్ద స్టేడియాలు, పెద్ద జనాభా లేని షిల్లాంగ్‌కు 2024 డిసెంబర్‌లో బ్రయాన్ ఆడమ్స్ వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ వచ్చాడు. దశాబ్దాలుగా రాక్‌ను ప్రాణంగా చూసే ఊరు అది. దానికి రాష్ట్ర ప్రభుత్వం స్థానిక కళాకారులకు డబ్బిచ్చి వేదికలిచ్చే పథకం జోడించింది. ఊళ్లో వినే జనం, వెనక నిలబడే ప్రభుత్వం.. రెండూ ఉంటే కొండ మీది ఊరైనా టూర్ మ్యాపులోకి ఎక్కుతుంది.

మరి హైదరాబాద్ సంగతేంటి?

హైదరాబాద్‌కు అసలు ఎవరూ రావట్లేదని అనలేం. బ్రయాన్ ఆడమ్స్ 2024 డిసెంబర్‌లో ఇక్కడా ఆడాడు. ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. వారం తిరగ్గానే బెంగళూరు షోలో శిల్పా రావుతో కలిసి 'దేవర' సినిమాలోని చుట్టమల్లే పాట తెలుగులో అందుకున్నాడు. ఆ వీడియో తెలుగువాళ్ల ఫోన్లలో ఎంత తిరిగిందో చెప్పక్కర్లేదు. తెలుగు పాట పాడింది బెంగళూరులో కావడమే హైదరాబాద్ ఫ్యాన్స్‌కు కాస్త గుచ్చుకుంది.

కానీ భారీ రాక్ బ్యాండ్లు ఇటు రావట్లేదు. ఎందుకు? మొదటి కారణం మైదానం చేరే దారి. నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియానికి నెరుల్ లోకల్ స్టేషన్ దగ్గర. రేస్‌కోర్సుకు మహాలక్ష్మి స్టేషన్ పక్కనే. అహ్మదాబాద్ స్టేడియానికి సొంతంగా మెట్రో స్టేషనే ఉంది. మన దగ్గర? రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాలంటే మెట్రో ఎల్‌బీనగర్‌లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి విజయవాడ హైవే మీద సొంత బండో, క్యాబో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గరి జీఎంఆర్ ఎరీనాకూ ఇంకా మెట్రో లేదు. రాత్రి పదిన్నరకు వేల మంది ఒకేసారి బయటికొస్తే క్యాబ్ రేట్లు ఎక్కడికి పోతాయో, ఆడపిల్లలు ఇంటికెలా చేరతారో ఊహించుకోవచ్చు.

రెండోది అనుమతులు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 తర్వాత బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. రాష్ట్రాలు ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే సడలింపు ఇవ్వొచ్చు. పోలీసు, ఫైర్, ట్రాఫిక్, ఎక్సైజ్, మున్సిపల్.. ఒక్కో షోకు ఒక్కో ఆఫీసు చుట్టూ తిరగాలి. 2024 నవంబర్‌లో దిల్జీత్ దోసాంజ్ షోకు ముందు మద్యం పాటలు పాడొద్దని, పిల్లలను స్టేజీ ఎక్కించొద్దని తెలంగాణ అధికారులు ఇచ్చిన నోటీసు దేశమంతా చర్చ అయింది. పిల్లల చెవులకు అంత శబ్దం మంచిది కాదన్న మాటలో న్యాయం ఉంది. అయితే ఇలాంటి షరతులు షో ముంగిట్లో కాకుండా, నెలల ముందే అందరికీ ఒకేలా చెబితే గొడవే ఉండదు. అనుమతులు తేలిక చేయడానికి కేంద్ర సమాచార, ప్రసార శాఖ లైవ్ ఈవెంట్స్ కోసం ప్రత్యేక సెల్ పెట్టింది. నేలమీద పని జరగాల్సింది మాత్రం రాష్ట్రాల్లోనే.

మూడోది మార్కెట్ లెక్క. ఇక్కడ లైవ్ షో అంటే సినిమా పాటే. 2024 అక్టోబర్‌లో దేవిశ్రీ ప్రసాద్ గచ్చిబౌలి స్టేడియంలో షో పెడితే జనం పోటెత్తారు. నిర్వాహకులకు నమ్మకంగా టికెట్లు తెగేది అలాంటి షోలకే. వింటున్న రాక్ ఫ్యాన్స్ ఎంతమంది ఉన్నా, వాళ్లంతా ముంబై, బెంగళూరు వెళ్లి టికెట్ కొంటే హైదరాబాద్ లెక్కలో కనిపించరు. అక్కడి గేటు దగ్గర వాళ్లు ముంబై జనమే.

భద్రత మాటేంటి?

2025లో మర్చిపోకూడని తేదీ మరొకటుంది. జూన్ 4. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఆర్సీబీ విజయోత్సవంలో తొక్కిసలాట జరిగి 11 మంది ప్రాణాలు పోయాయి. అంతకు ఆరు నెలల ముందు, 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఓ మహిళ చనిపోయింది. ఈ రెండూ రాక్ షోలు కావు. కానీ గేట్లు, జనం, తొందర అన్నీ ఒకటే. 2021లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ షోలో జనం ఒత్తిడికి పది మంది చనిపోయారు. అది పక్కా టికెట్ షోనే.

స్టేజీ ముందు నిలబడే ప్రదేశాన్ని గడులుగా విడగొట్టడం, ఒక్కో గడిలో మనుషుల లెక్క మించకుండా చూడటం, మంచినీళ్లు అందుబాటులో ఉంచడం, లోపలికీ బయటికీ వేర్వేరు దారులు, ఏ క్షణమైనా షో ఆపే అధికారం ఒక్కరి చేతిలో పెట్టడం.. ఇవి ప్రపంచమంతా పాటించే ప్రాథమిక జాగ్రత్తలు. కాన్సర్ట్ ఎకానమీ గురించి మాట్లాడేటప్పుడు కోట్ల లెక్కతో పాటు ఈ లెక్క కూడా చెప్పాలి.

ఫోన్‌లో చూస్తే చాలదా?

ఓజీ వీడ్కోలును తెలుగు ఫ్యాన్స్ స్క్రీన్ మీదే చూశారు. కోల్డ్‌ప్లే ఆఖరి రోజును చాలామంది ఫోన్‌లోనే చూశారు. ఖర్చు తక్కువ, తోపులాట లేదు, క్లోజప్‌లో ముఖం కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న పేద విద్యార్థికి ఇదే దారి. దాన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు. అందుకే పెద్ద షోలకు అధికారిక లైవ్, అదీ అందుబాటు ధరలో ఉండటం ఫ్యాన్స్ హక్కులాంటిదేనన్న వాదన బలపడుతోంది.

కానీ లైవ్ స్ట్రీమ్‌కు ఓ హద్దుంది. డ్రమ్ కొడితే ఛాతీలో మోగదు. పక్కన తెలియని మనిషి అదే లైన్ అరుస్తుంటే వచ్చే చనువు రాదు. గన్స్ అండ్ రోజెస్ కోసం ముంబై వెళ్లినవాళ్లు తిరుగు రైలు దాకా గొంతు పోయి మాట్లాడుకుని ఉంటారు. ఫోన్‌లో చూసినవాళ్లు స్క్రీన్ ఆపేసి పడుకుంటారు. తేడా అంతే, కానీ ఫ్యాన్‌కు అదే పెద్ద తేడా.

మరో పరీక్ష

2026 జనవరికి లింకిన్ పార్క్ ఇండియా షోలు ఖరారయ్యాయి. 23న బెంగళూరులో షో, ఆ వెంటనే 24, 25 తేదీల్లో ముంబైలో లొల్లపలూజా అన్నది ప్రకటించిన షెడ్యూల్. చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో చనిపోయాక మూగబోయిన బ్యాండ్ ఇది. 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో మళ్లీ లేచింది. 2000ల్లో ఇంటర్, ఇంజినీరింగ్ చదివిన తెలుగు కుర్రాళ్లకు ఇంగ్లిష్ రాక్ అంటే ముందు గుర్తొచ్చేది ఈ బ్యాండే. బెంగళూరు కావడంతో హైదరాబాద్, అనంతపురం, కర్నూలు, తిరుపతి ఫ్యాన్స్‌కు రాత్రి బస్సు దూరమే.

ఇలాంటి షోలకు ఎంతమంది తెలుగు ఫ్యాన్స్ అసలు ధరకే టికెట్ కొని, క్షేమంగా చూసి, క్షేమంగా ఇంటికి చేరతారన్నదే ఇప్పుడు చూడాల్సింది. ఇక ఆ తర్వాతి బ్యాండ్ బస్సు హైదరాబాద్‌లో ఆగుతుందా లేదా అన్నది ఇక్కడి మెట్రో, ఇక్కడి అనుమతులు, ఇక్కడి టికెట్ రూల్స్ మీద ఆధారపడి ఉంది. ప్రభుత్వాలు ఏం చేస్తాయో చూడాలి మరి!